పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వెళ్తున్నారా? వంటింట్లో కూర్చోకండి!

రాజమండ్రి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అల్లుడిగారికి ట్రినిడాడ్ దీవిలో ఉద్యోగం. అమ్మాయి కూడా పని చేస్తోంది, మనవడు రెండో తరగతి. ఆమే, వారూ మొదటిసారి విమానం ఎక్కి అక్కడికి వెళ్ళి ఆరు వారాలు ఉండబోతున్నారు. "పొద్దున ఏడింటికి ముగ్గురూ వెళ్తే సాయంత్రం దాకా రారు. అక్కడ చూడ్డానికి ఏమైనా ఉందా, లేక ఇక్కడి వంటిల్లు వదిలి అక్కడి వంటింట్లోకి మారడమేనా?" అని అడిగారు.

ఎంత మంచి ప్రశ్నో చూడండి! పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్ళొచ్చిన మన అమ్మల్లో చాలామంది సూట్‌కేసు నిండా పొడులూ పచ్చళ్ళూ పట్టుకెళ్ళి, నెలల తరబడి కిటికీలోంచి రోడ్డు చూసి తిరిగొచ్చినవారే. "ఏం చూశావమ్మా?" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. మళ్ళీ అంత దూరం పోయే ఓపిక, అవకాశం ఉంటాయని ఎవరు చెప్పగలరు? కాబట్టి ఆ సోదరికీ, అటువైపు వెళ్ళబోయే మరికొందరికీ ఈ వారం శీర్షిక.

ట్రినిడాడ్ అంటే మన ఇళ్ళల్లో మగవాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది బ్రయాన్ లారా. దక్షిణ అమెరికా పైకొసన, వెనెజులా పక్కనే ఉన్న కరీబియన్ దీవి. దాని ముఖ్యపట్టణం పోర్ట్ ఆఫ్ స్పెయిన్. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పచ్చటి కొండలు. మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. ఇంగ్లీషే మాట్లాడతారు గానీ పాటలా సాగదీస్తారు, రెండు రోజుల్లో చెవికి అలవాటవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడివారిలో 35 శాతం మంది మన దేశం నుంచి వెళ్ళినవారి సంతతే. అందుకే బజారుకెళ్తే జీలకర్రని 'గీర' అనీ, వంకాయని 'బైగన్' అనీ పిలుస్తారు. దీపావళికి దేశమంతా సెలవు!

మొదటి రెండు మూడు రోజులు ఊళ్ళోనే తిరగండి. ఊరి నడుమ క్వీన్స్ పార్క్ సవానా అని 260 ఎకరాల మైదానం ఉంది. చుట్టూ నడిస్తే మూడున్నర కిలోమీటర్లు. పొద్దున్నే వాకింగ్‌కి ఇంతకంటే మంచి చోటు దొరకదు. పడమటి వైపున వరసగా ఏడు పాతకాలపు భవంతులు, ఒకదానికొకటి పోలిక లేకుండా. అందులో గడియారపు గోపురం ఉన్నది క్వీన్స్ రాయల్ కాలేజి, రచయిత వి.ఎస్. నైపాల్ చదువుకున్న బడి. ఉత్తరం వైపున 1818లో మొదలుపెట్టిన బొటానికల్ గార్డెన్, దాని పక్కనే జంతుప్రదర్శనశాల. శనివారం మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళడానికి బాగుంటుంది. కొబ్బరిబోండాలు మైదానం అంచున దొరుకుతాయి. మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే పూయీ చెట్లు ఆకంతా రాల్చి ఒళ్ళంతా పసుపు, గులాబీ పూలు కప్పుకుని కనిపిస్తాయి.

అన్నట్టు, మీ వారు "నేను తోటలు చూడ్డానికి రాను" అంటే క్వీన్స్ పార్క్ ఓవల్ క్రికెట్ మైదానం చూపించండి. 1971లో మనవాళ్ళు వెస్టిండీస్‌ని మొదటిసారి టెస్టులో ఓడించింది అక్కడే, సునీల్ గవాస్కర్ ఆడిన తొలి టెస్టు కూడా అదే. ఇక ఆ పూట ఆయన మీ వెంట గొణక్కుండా తిరుగుతారు.

ఆదివారం అందరూ కలిసి మరాకస్ బీచ్‌కి వెళ్ళండి. నగరం నుంచి కొండదారిలో కారులో ముప్పావు గంట. ఒక పక్క అడవి, ఒక పక్క లోయలో నీలంగా సముద్రం. దారిలో లుకౌట్ దగ్గర ఆగితే అనాస ముక్కల్లో, మామిడి ముక్కల్లో ఉప్పు, వెల్లుల్లి, మిరప, ఆకుకూర కలిపి అమ్ముతారు. దాన్ని 'చౌ' అంటారు. చింతపండులో పంచదార కలిపి చేసిన ఉండలూ ఉంటాయి, మన చిన్నప్పటి బడి గేటు దగ్గరి రుచే. బీచ్‌లో పేరున్న తిండి 'బేక్ అండ్ షార్క్', అంటే వేయించిన రొట్టెలో వేయించిన సొరచేప. శాకాహారులు రొట్టె ఏ నూనెలో వేగిందో అడిగి మరీ తినండి. అలలు బలంగా ఉంటాయి. ఎర్రజెండా కట్టిన చోట పిల్లల్ని మోకాలు లోతు కూడా దింపవద్దు. తిరుగుదారిలో శాంతాక్రజ్ లోయ మీదుగా రమ్మనండి, లారా పుట్టి పెరిగిన చోటు అది.

నన్నడిగితే ట్రినిడాడ్‌లో తప్పక చూడవలసింది ఒక సాయంత్రం. కెరోనీ చిత్తడి నేల నగరానికి దక్షిణంగా అరగంట దూరంలోపే. మన కాకినాడ దగ్గర కోరంగి చూసినవారికి తెలుసు, అలాంటి మడ అడవులే. సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో పడవలు బయల్దేరతాయి. కాలవల్లో మెల్లగా పోతూ చెట్టుకొమ్మకి చుట్టుకున్న పాముల్ని చూపిస్తారు (భయపడకండి, అవి మన జోలికి రావు). పొద్దు వాలేసరికి పడవని ఒక దీవికి ఎదురుగా ఆపుతారు. అప్పుడు వస్తాయి పక్షులు, ఒకటి, నాలుగు, పది, తర్వాత గుంపులు గుంపులుగా. ఒళ్ళంతా కుంకుమలో ముంచి తీసినట్టుండే స్కార్లెట్ ఐబిస్‌లు, వంకర ముక్కు పక్షులు. పచ్చటి చెట్లన్నీ చూస్తూండగానే ఎర్రగా పూచినట్టయిపోతాయి. పిల్ల పక్షులు మట్టిరంగులో ఉంటాయి. పీతలూ రొయ్యలూ తినగా తినగా వాటికి ఆ ఎరుపు వస్తుంది. ఇది ఆ దేశపు జాతీయ పక్షి. దొంగతనంగా వేటాడి తినేవారు ఎక్కువవడంతో 2018లో చట్టం గట్టిది చేశారు. లక్ష ట్రినిడాడ్ డాలర్ల జరిమానా, రెండేళ్ళ జైలు. దోమల మందు రాసుకుని, పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని వెళ్ళండి.

ఇక దక్షిణం వైపు ఒక రోజంతా కేటాయించండి. ట్రాఫిక్ లేకపోతే గంటలోపే కరాపిచైమా చేరతారు. దూరం నుంచే 85 అడుగుల హనుమంతుడు కనిపిస్తాడు. అది మనవాళ్ళకు బాగా తెలిసిన గణపతి సచ్చిదానంద స్వామీజీ వారి దత్తాత్రేయ క్షేత్రం, విగ్రహం 2003లో నిలబెట్టారు. గుడి మన దక్షిణాది పద్ధతిలోనే ఉంటుంది. విజయవాడ పటమటలో ఉన్నామా అనిపిస్తుంది.

అక్కణ్ణించి దగ్గర్లోనే వాటర్‌లూ అనే ఊళ్ళో సముద్రంలో గుడి ఉంది. ఈ గుడి కథ తెలుసుకుని వెళ్ళండి. శివదాస్ సాధు అనే చెరకుతోట కూలీ 1947లో ఒడ్డున చిన్న గుడి కట్టుకున్నాడు. ఆ నేల చెరకు కంపెనీది. 1952లో పడగొట్టమన్నారు. "నా చేత్తో కూల్చను" అని మొరాయించినందుకు పద్నాలుగు రోజులు జైల్లో పెట్టారు, జరిమానా వేశారు, గుడినీ కూల్చేశారు. బయటికొచ్చాక ఆయన "నేల మీద కదా వద్దన్నారు, సముద్రం ఎవరిదీ కాదు కదా" అన్నట్టు నీళ్ళలో కట్టడం మొదలుపెట్టాడు. సైకిలు మీద రాళ్ళూ సిమెంటూ మోసుకుపోయి, ఆటు వచ్చినప్పుడల్లా కాస్త కాస్త కట్టుకుంటూ ఏళ్ళ తరబడి అదే పని. జనం నవ్వారు కూడానట. అల అలకీ కొట్టుకుపోతూ సగంలో మిగిలిపోయిన ఆ గుడిని, భారతీయులు వచ్చి 150 ఏళ్ళయిన సందర్భంగా 1995లో ప్రభుత్వమే పూర్తి చేయించింది. ఇప్పుడు ఒడ్డు నుంచి గుడిదాకా కాలిబాట ఉంది. చెప్పులు విడిచి ఆ గట్టు మీద నడుస్తుంటే రెండు పక్కలా నీళ్ళు. పక్కనే శ్మశానం, కర్రలకి కట్టిన రంగు జెండాలు. మగవాళ్ళు ఫోటోలు తీసుకుంటారు, మీరు కాసేపు ఊరికే కూర్చోండి.

అదే ఊళ్ళో ఇండియన్ కరీబియన్ మ్యూజియం ఉంది. తెరిచి ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోమనండి. తిరిగొస్తూ చగువానాస్ దగ్గర చేజ్ విలేజ్‌లో ఆగితే కుమ్మరుల కొట్లు వరసగా ఉంటాయి. ప్రమిదలు కొనుక్కోండి, తేలిగ్గా ఉంటాయి, పేరంటంలో ఇవ్వడానికీ పనికొస్తాయి.

ఈ జనమంతా అక్కడికెలా వచ్చారని మీకు ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. 1845 మే 30న మొదటి ఓడ కలకత్తా నుంచి నూరు రోజులకు పైగా ప్రయాణం చేసి అక్కడ ఆగింది. 1917 వరకు లక్షా నలభై వేలమందికి పైగా వచ్చారు, చెరకుతోటల్లో అయిదేళ్ళ ఒప్పందం మీద. ఎక్కువమంది ఉత్తరాదివారే. తొలి ఏళ్ళలో మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్ళూ ఉన్నారు, తమిళులతో పాటు మన తెలుగువాళ్ళు. అక్కడ అందరినీ కలిపి 'మద్రాసీ' అనేశారు. భాష రెండు మూడు తరాల్లో పోయింది. రామ్‌సామి, మూన్‌సామి లాంటి ఇంటిపేర్లు మాత్రం మిగిలాయి. తిరుగు ప్రయాణపు ఖర్చుకి బదులు కాస్త నేల తీసుకుని చాలామంది అక్కడే ఉండిపోయారు.

1866 నుంచి ఆ ఓడల్లో వచ్చినవాళ్ళని ముందుగా దింపిన చోటు నెల్సన్ దీవి. నగరం ఎదురుగానే సముద్రంలో ఉంటుంది. అక్కడ ఉంచి, ఆరోగ్యం చూసి, తోటలకి పంచిపెట్టేవారు. ఆ పాత భవనం ఇంకా ఉంది. అక్కడి నేషనల్ ట్రస్ట్ వారు అప్పుడప్పుడు పడవలో తీసుకెళ్ళి చూపిస్తారు, అమ్మాయిచేత ముందే పేరు రాయించండి. పిల్లల చేతిలో వీసా, వెనక్కి టికెట్టు పట్టుకుని దిగిన మనం ఆ గోడల మధ్య నిలబడితే, ఉత్తరం ముక్క రాయడం కూడా రాకుండా అక్కడ దిగిన ఆడవాళ్ళు గుర్తొస్తారు.

దూరం వెళ్ళే ఓపిక ఉంటే లబ్రేలో తారు చెరువు ఉంది, దాదాపు వంద ఎకరాలు. చెరువంటే నీళ్ళు కావు, భూమిలోంచి ఊరిన తారు. గైడ్‌ని పెట్టుకుని దాని మీద నడవచ్చు. చదును చెప్పులు వేసుకోండి, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి కట్టుకోండి. నాకైతే ఒక్కసారి చూస్తే చాలనిపించే వింత. తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూడాలంటే మార్చి నుంచి ఆగస్టు లోపు వెళ్ళాలి. అది రాత్రి వ్యవహారం, అనుమతి కావాలి, పగటి ప్రయాణంలో కలపకండి.

కొన్ని జాగ్రత్తలు. లండనో న్యూయార్కో మీదుగా వెళ్ళాలి కాబట్టి మధ్యలో దిగే దేశానికి వీసా కావాలేమో టికెట్ కొనక ముందే కనుక్కోండి. బంగారం ఇంట్లో పెట్టి వెళ్ళండి. చీకటి పడ్డాక కాలినడకన తిరగొద్దు, తెలిసిన టాక్సీనే మాట్లాడుకోండి. పగటిపూట మీరిద్దరే సరదాగా వెళ్ళాలంటే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి శాన్ ఫెర్నాండోకి వాటర్ టాక్సీ అనే పెద్ద పడవ ఉంది, ముప్పావు గంటో గంటో పడుతుంది. ఇంకొకటి, మిలిటరీ వాళ్ళ మచ్చల గుడ్డ అక్కడ మామూలు జనం వేసుకోవడం నేరం. మనవడి కోసం అలాంటి నిక్కరు కొని ఉంటే ఇక్కడే వదిలేయండి.

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ధాల్‌పూరీ అంటే తీపి లేని బొబ్బట్టు. ఫులౌరీ మన పునుగులకి చెల్లెలు. 'సహీనా' చేమాకు బజ్జీ. పొద్దున్నే రోడ్డు పక్క తినేది మాత్రం డబుల్స్, 1930లలో ప్రిన్సెస్ టౌన్‌లో పుట్టిన పలహారం. అమ్మేవాడు "పెప్పర్?" అంటే గుంటూరు కారం తిన్న ధీమాతో తలూపకండి, "స్లైట్" అనండి. ఆ దీవిలో పండే మొరూగా స్కార్పియన్ మిరప 2012లో పరీక్షిస్తే అప్పటికి ప్రపంచంలోనే అన్నిటికన్నా ఘాటైనదని తేలింది!

ఇంట్లో డబుల్స్

మైదా 2 కప్పులు, ఈస్ట్ 1 చెంచా, పసుపు, జీలకర్ర పొడి, పంచదార అర చెంచా చొప్పున, తగినంత ఉప్పు, గోరువెచ్చని నీళ్ళతో పూరీపిండి కన్నా బాగా మెత్తగా కలిపి గంటన్నర నాననివ్వండి. రాత్రి నానబెట్టిన కాబూలీ శనగలు 1 కప్పు మెత్తగా ఉడికించండి. ధనియాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు, పసుపు కలిపిన పొడి రెండు చెంచాలు నీళ్ళలో ముద్దగా కలిపి, కాగిన నూనెలో వెల్లుల్లితో వేయించి, శనగలు వేసి జారుగా ఉడకనివ్వండి. దించేముందు కొత్తిమీర వేయండి. చేతికి నూనె రాసుకుని పిండిని చిన్న చిన్న బిళ్ళలుగా పలచగా వత్తి, కాగిన నూనెలో రెండు వైపులా పదేసి సెకన్లు వేయించి, గుడ్డలో చుట్టి ఉంచండి. కరకరలాడకూడదు, మెత్తగా ఉండాలి. రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి కాస్త జరిపి పరిచి, శనగలు వేసి, పైన చింతపండు చట్నీ, కీరా తురుము వేసి ఇవ్వండి. కుచేలా అని వాళ్ళు వేసే మామిడి తురుము పచ్చడి దొరక్కపోతే మన తురుము మాగాయ బాగా కుదురుతుంది.