బొగ్గు బండ్ల దారిలో అడవి పర్యాటకం

బిలాస్‌పూర్‌ బతుకు మొదటి నుంచీ పట్టాల మీదే. బెంగాల్‌-నాగపూర్‌ రైల్వే వచ్చాక పెరిగిన ఊరిది. ఆ కంపెనీలో కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు రైల్వే కాలనీల్లో స్థిరపడి తరాలు గడిచాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌ ఏర్పడినప్పుడు దాని కేంద్రం బిలాస్‌పూరే అయింది. సౌత్‌ ఈస్టర్న్‌ కోల్‌ఫీల్డ్స్‌ ప్రధాన కార్యాలయమూ ఇక్కడే. కోర్బా గనుల్లో తవ్విన బొగ్గు ఈ జోన్‌ పట్టాల మీదుగా దేశంలోని విద్యుత్‌ కేంద్రాలకు చేరుతుంది. ఊరి దుకాణాలు, అద్దె ఇళ్లు, కోచింగ్‌ సెంటర్లు అన్నీ ఏదో ఒక రూపంలో ఆ బొగ్గు డబ్బు మీదే నడుస్తాయి.

ఇప్పుడు ఈ ప్రాంతానికి మరో ఆదాయ మార్గంగా పర్యావరణ పర్యాటకాన్ని చూపిస్తున్నారు. అందుకు కావలసిన సరుకు ఇక్కడ నిజంగానే ఉంది. బిలాస్‌పూర్‌కు దగ్గర్లోని కోప్రా జలాశయం 2025 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌ నుంచి తొలి రామ్‌సార్‌ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. వాయవ్యంగా వెళితే సాల వృక్షాల మధ్య అచానక్‌మార్‌ పులుల అభయారణ్యం వస్తుంది. 1975లో వన్యప్రాణి అభయారణ్యంగా మొదలై, 2009లో టైగర్‌ రిజర్వ్‌ అయిన ఈ అడవి విస్తీర్ణం దాదాపు 914 చదరపు కిలోమీటర్లు. దాన్ని కలుపుకొని నర్మద పుట్టిన అమర్‌కంటక్‌ దాకా విస్తరించిన జీవావరణ మండలాన్ని 2012లో యునెస్కో తన ప్రపంచ జాబితాలో చేర్చింది. ఇన్ని గుర్తింపులున్నా, మధ్య భారతంలో పులిని చూడాలనుకునే వారికి ముందు గుర్తొచ్చేది మాత్రం పొరుగు రాష్ట్రంలోని కాన్హానే.

దానికి కారణం ప్రచారం లోపం ఒక్కటే కాదు. జాతీయ గణనల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో 2014లో 46 పులులుండగా, 2018 నాటికి అవి 19కి, 2022 నాటికి 17కి తగ్గాయి. పులిని చూపిస్తామన్న హామీతో అమ్మే సఫారీ టికెట్టుకు ఈ లెక్కలు కాళ్లడ్డుతాయి. అచానక్‌మార్‌ తన గిరాకీని పులి ఒక్కదాని మీద కట్టుకోలేదు. అడవి, నీళ్లు, పక్షులు, అక్కడి మనుషులకు తెలిసిన విద్యలు కలిస్తేనే దానికి బేరం.

ఆ మనుషుల దగ్గరే అసలు పేచీ. ఈ అడవిలో ఉండేది ప్రధానంగా బైగాలు, గోండులు. 2009లో ఆరు గ్రామాలను కోర్‌ ప్రాంతం నుంచి బయటికి తరలించారు. మిగిలిన ఊళ్ల తరలింపు చర్చ అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. స్వచ్ఛందంగా వెళ్లే కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని కేంద్రం 2021లో 10 లక్షల నుంచి 15 లక్షల రూపాయలకు పెంచింది. మరోవైపు జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012 మార్గదర్శకాలు కోర్‌ ప్రాంతంలో 20 శాతం వరకు నియంత్రిత పర్యాటకాన్ని అనుమతిస్తున్నాయి. పులి కోసం ఊరు ఖాళీ చేయమని అడిగే చోటికే సందర్శకుల జిప్సీ వెళ్లవచ్చన్నమాట. చట్టం దృష్టిలో ఇందులో తప్పు లేకపోవచ్చు. కానీ ఇల్లు వదలమన్న మాట విన్న బైగా కుటుంబానికి ఈ తర్కం ఎక్కించడం కష్టం.

అటవీ హక్కుల చట్టం 2006లోనే వచ్చింది. పులుల ఆవాసంలోని ఊళ్లకూ సామూహిక అటవీ వనరుల హక్కు వర్తిస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తరలింపుకు గ్రామసభ సమ్మతి ఉండాలి. పర్యాటకానికి మాత్రం గ్రామసభ అనుమతి అడిగే అలవాటు లేదు. గేటు ఎక్కడ పెట్టాలి, రోజుకు ఎన్ని బండ్లు వదలాలి, టికెట్‌ డబ్బులో ఊరి వాటా ఎంత అన్నవన్నీ శాఖ గదుల్లోనే తేలిపోతాయి. ఊరివాళ్లకు గైడు, వంటమనిషి, కాపలాదారు కొలువులు దక్కుతాయి. వానాకాలం అడవి మూసేస్తే అవీ ఉండవు. ఆ కుటుంబాలకు నగదు తెచ్చేవి వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు. తునికాకు ప్రామాణిక సంచికి రాష్ట్రం 5,500 రూపాయలు చెల్లిస్తోంది. పర్యాటకం ఆ ఆదాయానికి తోడు కావాలి తప్ప, సేకరణపై ఆంక్షలు పెట్టి దాని స్థానంలోకి రాకూడదు.

వేరే దారి లేదనడానికి వీల్లేదు. కేరళలోని పెరియార్‌లో ఒకప్పుడు దొంగచాటుగా చెట్ల బెరడు ఒలిచినవారే పర్యావరణాభివృద్ధి కమిటీగా ఏర్పడి, సందర్శకులను అడవిలో నడిపిస్తూ గస్తీ కూడా కాస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లిలో విడిది నిర్వహణను వన సంరక్షణ సమితి చేతిలో పెట్టారు. ఛత్తీస్‌గఢ్‌లోనే కాంగేర్‌ లోయ పక్కన ఉన్న ధుడ్‌మారాస్‌ గ్రామాన్ని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో తన ఉత్తమ గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంపిక చేసింది. అక్కడ వెదురు తెప్పలు నడిపేది ఊరి యువకులే. బస్తర్‌లో సాధ్యమైనది బిలాస్‌పూర్‌ చుట్టుపక్కల అసాధ్యమేమీ కాదు.

ఇక సందర్శకుడు రావడం ఎలా అన్నది. ఈ ప్రాంతానికి ఉన్న అతిపెద్ద అనుకూలత రైలే. బిలాస్‌పూర్‌ నుంచి కట్నీ వెళ్లే లైను బేల్‌గహనా, ఖోంగ్‌సరా, భన్వార్‌టోంక్‌ మీదుగా కొండలెక్కి, అమర్‌కంటక్‌కు దగ్గరి స్టేషనైన పెండ్రారోడ్‌ చేరుతుంది. దేశంలో అందమైన అడవి మార్గాల్లో ఇదొకటి. తెలుగువారికైతే విశాఖ నుంచి కోర్బా ఎక్స్‌ప్రెస్‌, తిరుపతి నుంచి బిలాస్‌పూర్‌ ఎక్స్‌ప్రెస్‌ ఉన్నాయి. అయినా పట్టాల మీద మొదటి హక్కు బొగ్గుదే. 2022 వేసవిలో విద్యుత్‌ కేంద్రాలకు బొగ్గు కొరత వచ్చినప్పుడు ఈ జోన్‌లో పదుల సంఖ్యలో ప్రయాణికుల రైళ్లను రద్దు చేశారు. చిన్న స్టేషన్లలో దిగే ఊరివాళ్లే అప్పుడు ఎక్కువ ఇబ్బంది పడ్డారు. రైలు నమ్మకం లేకపోతే సందర్శకుడు కారెక్కుతాడు. కార్లు పెరిగితే అడవి మధ్య రోడ్డును వెడల్పు చేయమన్న ఒత్తిడి వస్తుంది. అచానక్‌మార్‌ మీదుగా అమర్‌కంటక్‌ వెళ్లే దారిలో రాకపోకల గొడవ ఇప్పటికే పాతది.

అందుకే ఈ వ్యవహారంలో చూడవలసింది పర్యాటక శాఖ కట్టే కొత్త కాటేజీలను కాదు. పెండ్రారోడ్‌ వైపు వెళ్లే ప్యాసింజర్‌ బండి వేసవిలోనూ వేళకు నడుస్తుందా, అడవి గేటు దగ్గర వసూలైన డబ్బు లెక్క గ్రామసభ ముందుకు వస్తుందా అన్నవే ముఖ్యం. మొదటిది రైల్వే జోన్‌ చేతిలో, రెండోది రాష్ట్ర అటవీ శాఖ చేతిలో ఉన్నాయి.