మీ డ్రయ్యరుకు ఊపిరాడుతోందా?

ముసురు పట్టి నాలుగు రోజులయిందంటే చాలు, ఇంట్లో గదికో దండెం వెలుస్తుంది. ఫ్యాను కింద లంగాలు, తలుపుల మీద తువ్వాళ్ళు, కుర్చీల వీపున బనియన్లు. ఇల్లంతా చెమ్మ వాసన. ఈ బాధ పడలేక డ్రయ్యరు కొన్నవాళ్ళున్నారు, కొందామని చూస్తున్నవాళ్ళున్నారు. “ఆరోగ్య శీర్షికలో బట్టల మిషను గొడవేమిటి?” అని మీరు నవ్వుకోవచ్చు. ఆయాసం, చర్మపు దురద, కాలిన గాయాలు, విషవాయువు – ఈ నాలుగింటికీ ఈ యంత్రంతో సంబంధం ఉంది. కనుక కాస్త ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక పొరపాటు సవరించుకోవాలి. మన ఇళ్ళలో రెండు తొట్ల వాషింగ్ మిషనులో పక్కనున్న చిన్న తొట్టిని డ్రయ్యరనే పిలుస్తాం. నిజానికి అది బట్టలను ఆరబెట్టదు, గిరగిరా తిప్పి పిండుతుంది, అంతే. అందులోంచి తీసిన కిలో బట్టల్లో ఇంకా అర కిలో నీరు ఉందనుకోండి. చేతికి పొడిగా తోస్తుంది గాని, నడుం పట్టీలలోనూ కుట్లలోనూ తడి అలాగే ఉంటుంది. ఆ లోదుస్తులు అట్లాగే తొడుక్కుంటే గజ్జల్లో తామరకు చోటిచ్చినట్లే. ఎన్ని పూతమందులు రాసినా, ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి తామర వస్తూంటే బట్టల తడిని కూడా అనుమానించండి. స్టీరాయిడు కలిసిన పూతమందు దురదను అణుస్తుంది, తామరను పెంచుతుంది. దుకాణంలో అడిగి తెచ్చుకుని రాయవద్దు.

ఈ తొట్టి గురించే ఇంకొక మాట. మూత ఎత్తగానే బ్రేకు పడి అది కొద్ది క్షణాల్లో ఆగాలి. ఆగకుండా తిరుగుతూంటే బ్రేకు అరిగిందన్నమాట. బాగుచేయించేదాకా వాడకండి. తిరిగే తొట్టిలో పిల్లల చెయ్యి పడితే ఎముక విరగడంతో పోదు, చర్మమే ఊడి వస్తుంది. చీర కొంగు, చున్నీ కూడా జాగ్రత్త.

ఇక అసలు డ్రయ్యరు సంగతి. ఇది వేడిగాలితో బట్టల్లోని నీటిని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి ఎక్కడికి పోతోందన్నదే ప్రశ్న. ఒక రకంలో వెనక ఉన్న గొట్టం గుండా బయటికి పోతుంది. మరొక రకంలో లోపలే చల్లబడి నీరై ఒక డబ్బాలో చేరుతుంది. మొదటి రకం కొని, గోడకు కన్నం పెట్టడం ఇష్టం లేక గొట్టాన్ని గదిలోకే వదిలేసేవారున్నారు. నాలుగు కిలోల బట్టలు ఆరితే సుమారు రెండు లీటర్ల నీరు మీ గోడలకు పడుతుంది. తరువాత అలమరా వెనుక నల్లటి బూజు, ఆ తరువాత పిల్లవాడికి రాత్రిపూట పిల్లికూతలు. ఉబ్బసం ఉన్న ఇంట్లో ఈ పని ససేమిరా చేయకూడదు.

మనిషికి ముక్కు ఎలాంటిదో డ్రయ్యరుకు జల్లెడ అలాంటిది. బట్టలనుంచి రాలే దూది నూగు దానికి పడుతుంది. ప్రతి విడతకూ దాన్ని తీసి తుడవాలి, వారానికొకసారి కాదు. సువాసన కోసం వేసే మెత్తటి కాగితాలు వాడేవారికి ఒక పరీక్ష చెబుతాను. తుడిచిన జల్లెడ మీద కొళాయి నీరు వదలండి. నీరు కిందికి జారకుండా నిలిచిందంటే కంటికి కనిపించని మైనపు పొర పట్టిందన్నమాట. సబ్బునీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. చంటిపిల్లల బట్టలకు ఆ సువాసన కాగితాలు అసలే వద్దు. వాటివల్ల దద్దుర్లు వచ్చే చర్మాలున్నాయి.

రోగి వచ్చినప్పుడు ముందు లక్షణం అడుగుతాం కదా. డ్రయ్యరుకు ముఖ్యమైన లక్షణం ఒకటే: ఇదివరకు గంటలో ఆరే బట్టలు ఇప్పుడు రెండు గంటలు పడుతున్నాయి. చాలామంది వెంటనే వేడి పెంచుతారు. అది జ్వరం ఉన్నవాడికి కంబళి కప్పడం వంటిది. మొదట బట్టలు ఎక్కువయ్యాయేమో చూడండి. ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే మిషనుల్లో ఎనిమిది కిలోలు ఉతికినా, ఆరబెట్టగలిగేది అయిదు కిలోలే కావచ్చు. అది కాకపోతే జల్లెడ. అదీ శుభ్రంగా ఉంటే గొట్టం. మిషనును గోడకు నెట్టినప్పుడు గొట్టం నలిగి ఉండవచ్చు, లోపల నూగు పేరుకుని ఉండవచ్చు, బయటి మూత దగ్గర పిట్ట గూడు పెట్టి ఉండవచ్చు. మిషను నడుస్తూండగా బయటికి వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. మూత లేచి వెచ్చటి గాలి గట్టిగా తగలాలి. తగలకపోతే మిషను ఆపి, ప్లగ్గు తీసి, గొట్టం ఊడదీసి శుభ్రం చేయించండి. ఏడాదికి ఒకసారైనా ఇది జరగాలి. ప్లాస్టిక్ గొట్టముంటే తీసేసి లోహపు గొట్టం వేయించండి. నీటి డబ్బా రకంలో డబ్బా ప్రతిసారీ వంపాలి, లోపలి కండెన్సరును మిషనుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టు శుభ్రం చేయాలి.

డ్రమ్ము తిరుగుతుంది గాని వేడి రాదంటే, చాలాసార్లు లోపలి థర్మల్ ఫ్యూజు పోయి ఉంటుంది. మిషను మితిమీరి కాగినప్పుడు తాను తెగి ఇంటిని కాపాడేది అదే. గాలిదారి మూసుకుపోయినందువల్లనే అది తరచు పోతుంది. కొందరు మెకానిక్కులు దాన్ని తప్పించి తీగ కలిపి “ఇక పరవాలేదు” అంటారు. ఒప్పుకోకండి. కొత్త ఫ్యూజు వేయించండి, అంతకుముందు గొట్టం చూపించండి.

ఇదంతా అతిశయోక్తి అనిపిస్తే అమెరికా లెక్క వినండి. 2008 – 2010 మధ్య అక్కడి ఇళ్ళలో డ్రయ్యర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయని అక్కడి ప్రభుత్వ అగ్నిమాపక విభాగం అంచనా వేసింది. కారణాల్లో మొదటిది శుభ్రం చేయకపోవడం.

అమెరికా మాట వచ్చింది కనుక, కూతురి పురిటికో కోడలి పురిటికో అక్కడికి వెళ్ళే అమ్మలకు ప్రత్యేకంగా ఒక సంగతి చెప్పాలి. బిడ్డకు నువ్వుల నూనె పట్టించి, బాలింతకు ఒళ్ళంతా రాసి నలుగు పెట్టి, ఆ తువ్వాళ్ళను మిగతా బట్టలతో కలిపి ఉతికి డ్రయ్యరులో వేస్తాం. ఉతికినా నూనె మొత్తం పోదు. నువ్వుల నూనె, ఆవనూనె, పొద్దుతిరుగుడు నూనె గాలిలోని ఆక్సిజనుతో కలుస్తూ తామే వేడిని పుట్టిస్తాయి. కొబ్బరినూనెలో ఈ గుణం తక్కువ. వేడి వేడిగా తీసిన తువ్వాళ్ళను బుట్టలో కుప్పగా కుక్కితే ఆ వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. మిషను ఆగిన కొన్ని గంటలకు కూడా ఇలా జరగవచ్చు. అందుచేత నూనె తువ్వాళ్ళను విడిగా ఉంచండి. వేడినీళ్ళతో, ఎక్కువ సబ్బుతో ఉతికి దండెం మీదే ఆరేయండి. బాల్కనీలో దండెం కట్టనివ్వని చోట స్నానాలగదిలో కట్టి, గాలి లాగే ఫ్యాను వేసి ఉంచండి. వంటింటి మసిగుడ్డలకూ ఇదే నియమం.

అక్కడ గ్యాసుతో నడిచే డ్రయ్యర్లూ ఉంటాయి. వాటి గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడు ఇంట్లో చేరుతుంది. పొయ్యి గ్యాసుకు వాసన కలుపుతారు, దీనికి వాసన లేదు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి, వికారం, తలతిరుగుడు వచ్చి, బయటికి వెళితే తగ్గుతూంటే అది ఫ్లూ అనుకుని పడుకోకండి. వెంటనే అందరూ బయటికి వచ్చి, బయటినుంచే సహాయానికి ఫోను చేయండి. ఈ వాయువును పసిగట్టి కూసే అలారం పడకగదుల దగ్గర ఉందో లేదో వెళ్ళిన రోజే అడిగి తెలుసుకోండి.

డ్రయ్యరు వేసి బజారుకు వెళ్ళడం, నిద్రపోవడం మానండి. చివర్లో వేడి లేకుండా తిరిగే పది నిముషాలను తొందరపడి ఆపకండి, బట్టలు చల్లబడేది అప్పుడే. ఒకవేళ లోపల పొగ కనిపిస్తే తలుపు మాత్రం తీయకండి. గాలి తగిలి మంట భగ్గుమంటుంది. మెయిన్ స్విచ్ చేతికి అందితే ఆపి, అందరినీ బయటికి పంపి, మన దేశంలో 101కి గాని 112కి గాని, అమెరికాలో అయితే 911కి ఫోను చేయండి.