పిన్ను అరిగితే బండి తుక్కేనా?



పనిముట్లు తగిలించే హిచ్ వదులైన పాత ట్రాక్టర్లను తుక్కుకు వేయాల్సిందేనన్న ఒక పాఠకుడి మాట ఒప్పుకోలేను. తెనాలి, బాపట్ల, రేపల్లె మాగాణుల్లో ఏటా దమ్ములో దిగే బండికి హిచ్ లింకుల చివర బంతులూ పిన్నులూ అరగడం మామూలే. హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన హిచ్ పద్ధతిలో నాగలి మీద పడే లాగుడు టాప్ లింకు ద్వారానే హైడ్రాలిక్కుకు తెలుస్తుంది. అక్కడ వదులుంటే లోతు నిలకడగా రాదు. దానికి ఇంజనును తిడితే ఎలా? మా పాత బండికి అరిగిన పిన్ను మీద వెల్డింగు పోయించాం. నెలకే మళ్లీ వదులైంది. బంతినీ పిన్నునీ కలిపి మార్చాకే కుదిరింది. చిన్న బండ్లకు సాధారణంగా కింది లింకు పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకుది 19. కొలిచి కొనండి. బండి వెనక ట్రక్కు తగిలించే పిన్ను అరిగితే మాత్రం ఒక్క రోజూ ఆగొద్దు. లాక్ పిన్ను లేకుండా రోడ్డెక్కకండి.

– ఒక రైతు, రేపల్లె