ముందు తల్లిని చూపించమనండి

కుక్కపిల్లని కొనేటప్పుడు మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎంత?" రెండో ప్రశ్న "ఏమైనా తగ్గిస్తారా?" నా ఉద్దేశంలో వీటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: "దీని తల్లిని చూపిస్తారా?"

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది అమ్మేవాళ్ళు నసుగుతారు. తల్లి ఊళ్ళో ఉందంటారు, ఫోన్లో ఫోటో చూపిస్తారు, పిల్లని బస్టాండ్ దగ్గరికి తెచ్చిస్తామంటారు. పద్ధతిగా పెంచేవాళ్ళు మాత్రం ఇంటికే రమ్మంటారు. తల్లి ఎలాంటి చోట ఉంటుందో, మనుషుల్ని చూసి బెదురుతోందో లేదో మన కళ్ళతో మనమే చూడొచ్చు. 2003లో హచ్ యాడ్ వచ్చాక పగ్ అంటే అందరికీ ముద్దే. కానీ ఆ చప్పిడి ముక్కుతో మన ఎండల్లో ఊపిరి తీసుకోవడమే దానికి కష్టం. తల్లి కూర్చున్నచోటే రొప్పుతుంటే పిల్లకీ అదే రావచ్చు.

మంచి బ్రీడర్ మనల్నీ ప్రశ్నలు అడుగుతాడు. పగలు ఇంట్లో ఎవరుంటారు? ఇదివరకు కుక్కని పెంచారా? చిరాకు పడొద్దు. పిల్ల ఎవరి చేతికి వెళ్తుందో పట్టించుకునేవాడే నమ్మదగ్గవాడు.

దీనికి రూల్స్ కూడా ఉన్నాయి. 2017లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. కెన్నెల్ క్లబ్ కాగితం చూపించి "ఒరిజినల్ బ్రీడ్ అండీ" అంటే సరిపోదు. ఆ కాగితం వంశం చెప్తుంది, ఆరోగ్యం చెప్పదు.

8 వారాలే ఎందుకు? ట్రైనింగ్ మనింట్లో మొదలవుతుందనుకుంటాం కానీ, అది తల్లి దగ్గరే మొదలవుతుంది. ఆటలో గట్టిగా కొరికితే పక్క పిల్ల కీచుమని అరిచి ఆట మానేస్తుంది. ఎంతవరకు కొరకొచ్చో అలా తెలుస్తుంది. నెల పిల్లని ముద్దుగా ఉందని తెచ్చుకుంటే ఆ పాఠం మధ్యలోనే ఆగిపోతుంది.

తర్వాతి పాఠాలు మనవి. చిన్నజాతి కుక్కలతో మనం చేసే అన్యాయం ఇక్కడే. లాబ్రడార్ మీదకి దూకితే ట్రైనర్ని వెతుకుతాం, పామెరేనియన్ గుర్రుమంటే వీడియో తీస్తాం. అలా చేస్తే అందరూ నవ్వుతారని అది నేర్చుకుంటుంది. ఒకరోజు పక్కింటి పిల్లాణ్ణి కరిస్తే "పిచ్చి కుక్క" అని ఎవరికో ఇచ్చేస్తాం.

నేర్పడం బ్రహ్మవిద్యేం కాదు. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకెళ్ళాలి. ఒకటికి వెళ్ళిన వెంటనే చిన్న తిండి ముక్క ఇవ్వాలి, ఐదు నిమిషాలాగి ఇస్తే దానికి లింక్ అర్థం కాదు. ఇంట్లో పోసిందని ముక్కు పట్టి రాస్తే మనమంటే భయమే మిగుల్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా చేతుల్లో పెట్టుకునైనా ఆటో హారన్, కుక్కర్ విజిల్, గొడుగు, పిల్లలు అన్నీ పరిచయం చేయాలి. మూడు నెలల వయసులో అలవాటైనవాటికి పెద్దయ్యాక భయపడటం తక్కువ.

వీధికుక్క పిల్లని తెచ్చుకుంటే ఇంకా సంతోషం, ట్రైనింగ్ అదే. కొనాలనే అనుకుంటే మాత్రం, తల్లిని చూపించని చోట పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా వెనక్కి వచ్చేయండి. జాలిపడి కొన్నా సరే, మనమిచ్చే డబ్బు ఆ కనపడని తల్లికి ఇంకో క్రాసింగ్ చేయించడానికే వెళ్తుంది.