పార్సిల్ కట్టడం వాళ్ళకి మనం నేర్పామా?

మొన్నొక శనివారం పాత ప్రాజెక్టు వాళ్ళం ఆరుగురం మాదాపూర్‌లో కలిశాం. మాటల్లో మా పాత ఆఫీసు వెనక సందులో ఉండే టిఫిన్ సెంటర్ సంగతి వచ్చింది. దాన్ని నడిపే ఆయన్ని మేమంతా బాబాయ్ అనేవాళ్ళం. ఇప్పుడక్కడ మొబైల్ కవర్లమ్మే కొట్టుంది. "పాపం, మంచి సాంబారు" అని ఒకడు నిట్టూర్చాడు. దానికి మావాడొకడు, ఇప్పుడు పెద్ద మేనేజరు, తాపీగా ఇలా సెలవిచ్చాడు: "సింపుల్ రా. కోవిడ్ టైంలో అడాప్ట్ అయినోళ్ళు బతికారు, కానోళ్ళు పోయారు. టేక్‌అవేకి పివట్ అవ్వాల్సింది."

తలకాయలన్నీ ఊగాయి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం లాభం, సరైన జవాబు నాకెప్పుడూ ఇంటికెళ్ళే దారిలో సిగ్నల్ దగ్గరే తడుతుంది. అందుకే ఈ టపా.

ముందు ఆ 'టేక్‌అవే' సంగతి చూద్దాం. మనమేదో 2020లో కనిపెట్టినట్టు చెప్పుకుంటున్నాం గానీ, మన ఊళ్ళల్లో దాన్ని పార్సిల్ అంటారు. మన నాన్నల కాలం నుంచీ ఉంది. అరిటాకు ముక్క, దాని కింద పేపరు, పైన దారం. చట్నీకో కవరు, సాంబారుకో కవరు. ఇంట్లోంచి స్టీలు క్యారియర్ పట్టుకెళ్తే ఇంకో గరిటె ఎక్కువే పడేది. పెసరట్టు ఎలా మడిస్తే ఇంటికెళ్ళేసరికి ముద్దవ్వకుండా ఉంటుందో వాళ్ళకి తెలిసినంత ఏ కన్సల్టెంటుకీ తెలీదు. అలాంటివాళ్ళకి మనం 'పివట్' నేర్పుతామా?

మరి అంత తెలిసినవాళ్ళు ఎందుకు మూసేశారు అంటారా? చెప్తా. ఆ రోజులు మర్చిపోయినవాళ్ళ కోసం తేదీలతో సహా.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ 20 నుంచి తెలంగాణ ప్రభుత్వం స్విగ్గీ, జొమాటో లాంటి ఫుడ్ డెలివరీలని కూడా ఆపేసింది. అంటే మావాడు చెప్పే పివట్ కొన్నాళ్ళు హైదరాబాదులో నిషిద్ధం! జూన్ 8 నుంచి హోటళ్ళలో కూర్చుని తినొచ్చన్నారు. కానీ సగం సీట్లే నింపాలి, వీలైనంతవరకు పార్సిలే ఇవ్వాలి అని కేంద్ర ఆరోగ్యశాఖ సూచనలు. మళ్ళీ 2021 మే 5 నుంచి ఆంధ్రాలో మధ్యాహ్నం 12 కల్లా కర్ఫ్యూ. మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్, మొదట్లో పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే సడలింపు. ఇవన్నీ అవసరమైన జాగ్రత్తలే, నేను కాదనట్లేదు. కానీ రిక్వైర్‌మెంట్లు ఇలా మారుతుంటే మనమైతే పని ఆపేసి క్లయింటుకి మెయిళ్ళ మీద మెయిళ్ళు కొడతాం. బాబాయ్ అప్పటికే రేపటికి మినప్పప్పు నానబోసేసి ఉంటాడు. నానబోసిన పప్పుకి రోల్‌బ్యాక్ లేదండీ.

ఇక కస్టమర్లు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి సందుల్లో టిఫిన్ సెంటర్లు, చాయ్ బంకులు, కర్రీ పాయింట్లు ఎవరి మీద బతికాయి? మన మీద. మనం లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఊరెళ్ళిపోయాం. హాస్టళ్ళు ఖాళీ అయిపోయాయి. మనలో చాలామందికి జీతం మాత్రం టైముకి పడింది. వాళ్ళకి పార్సిల్ కట్టడం వచ్చు, కట్టించుకునేవాడే లేడు. రాజమండ్రిలో అమ్మ చేసిన ఉప్మా తింటూ కాల్‌లో కూర్చున్నవాడికి గచ్చిబౌలి హోటలాయన ఏ పివట్ చేసి ఇడ్లీ అందించాలి?

పాతబస్తీ, సికింద్రాబాద్ వైపు చిన్న ఇరానీ హోటళ్ళది ఇంకో రకం బాధ. ఇరానీ చాయ్‌కి డికాషన్ మూతపెట్టిన పాత్రలో విడిగా దమ్ పడుతుంది. పాలు విడిగా చిక్కగా మరుగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. దాన్ని కవర్లో పోసి, రబ్బరు బ్యాండేసి, అయిదు కిలోమీటర్లు తీసుకెళ్తే చేతికొచ్చేది చల్లారిన పాలనీళ్ళు. పైగా ఆ హోటలు అమ్మేది చాయ్ ఒక్కటే కాదు కదా. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు చెప్పి అరగంట కూర్చోనిస్తారు చూడండి, దాన్ని అమ్ముతారు. 'వన్ బై టూ' అని ఏ యాప్‌లో ఆర్డర్ పెడతారు? వాళ్ళు అద్దె కట్టేది కూడా ఆ కుర్చీలు వేసుకునే చోటుకే. కుర్చీలు బల్లల మీద బోర్లించారు కదాని అద్దె సగం చేసిన ఓనర్లు ఎంతమంది?

సరే, ఇప్పుడు అసలు విషయం. బాబాయ్ పివట్ అవ్వలేదు అన్నది పచ్చి అబద్ధం. అయ్యాడు. చేయించింది నేనే.

2020 జులైలో ఫోన్ చేశాడు. "బాబూ, అదేదో యాపంట కదా, నువ్వు కంప్యూటరోడివి, కాస్త ఎక్కించి పెట్టు" అని. (ఏ యాపో చెప్పను, అనవసరం.) నేనేదో మహోపకారం చేస్తున్నట్టు ఫీలైపోయి ఒక ఆదివారం కూర్చుని ఫుడ్ లైసెన్సు నంబరు, పాన్ కార్డు, బ్యాంకు చెక్కు, మెనూ ఫోటోలు అన్నీ అప్‌లోడ్ చేశా. మొదటి ఆర్డరు వచ్చినరోజు పిన్ని ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పింది. రెండు నెలల తర్వాత మళ్ళీ బాబాయ్ ఫోన్. "బాబూ, ఆర్డర్లొస్తున్నాయి గానీ డబ్బులు రావట్లేదు. ఈ కాయితంలో ఏం రాశారో చూడు."

వాట్సాప్‌లో పంపిన పేమెంటు స్టేట్‌మెంటు చూశా. పదిహేనేళ్ళుగా డేటాబేసులతో తలబాదుకుంటున్నవాణ్ణి, అందులో రెండు కాలమ్‌లు ఏంటో నాకే అర్థం కాలేదు. ఇక పిండి రుబ్బుకునే మనిషికేం అర్థమవుతుంది?

అర్థమైన లెక్క మాత్రం ఇదీ. కమీషన్ ఒక్కో హోటలుకి ఒక్కోలా ఉంటుంది. 25 శాతం అనుకుందాం. 200 రూపాయల ఆర్డరు మీద 50. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 9 రూపాయలు. ఇలాంటి చిన్న హోటలుకి ఇన్‌పుట్ క్రెడిట్ దొరకదు కాబట్టి ఆ 9 కూడా వెనక్కి రాదు. మొత్తం 59 పోయింది. మిగిలిన 141లోంచే పప్పు, నూనె, గ్యాసు, మాస్టర్ జీతం, అద్దె, కొత్తగా ఈ ప్లాస్టిక్ డబ్బాలు. ఆఫర్ పెడితే పైన కనిపిస్తావన్నారట, ఆ డిస్కౌంటూ హోటలు నెత్తినే. ధర పెంచితే 'కాస్ట్‌లీ' అని మనమే స్టార్లు కోస్తాం. పెంచకపోతే పొద్దున నాలుగింటికి లేచి మరీ నష్టానికి అమ్మాలి.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. ఒకప్పుడు ఫోన్ చేసి "బాబాయ్, రెండు ఇడ్లీ ఒక మసాలా కట్టు, వస్తున్నా" అనేవాళ్ళే కూపన్ కోసం యాప్‌లోకి మారిపోయారు. ఇక వాళ్ళు బాబాయ్ కస్టమర్లు కాదు, యాప్ కస్టమర్లు. ఫోన్ నంబరు ఉండదు. రేపు యాప్ వద్దనుకుంటే వాళ్ళని వెనక్కి పిలిచే దారి ఉండదు. ఇది ఒక్క బాబాయ్ గోల కాదు. రెస్టారెంట్ల జాతీయ సంఘం ఎన్‌ఆర్‌ఏఐ 2021లో స్విగ్గీ, జొమాటోల మీద కాంపిటిషన్ కమిషన్‌కి ఇచ్చిన ఫిర్యాదులో కస్టమర్ వివరాలు తమకి ఇవ్వరన్నది కూడా ఒకటి. ఆ ఫిర్యాదులో కమిషన్ 2022 ఏప్రిల్‌లో విచారణకి ఆదేశించింది, అయితే వేరే రెండు ఆరోపణల మీద: కొన్ని హోటళ్ళకి పక్షపాతం చూపిస్తున్నారని, బయట తక్కువ ధరకి అమ్మకూడదని షరతులు పెడుతున్నారని.

"ఫ్రీ మార్కెట్ గురూ, నచ్చకపోతే మానేయొచ్చుగా" అంటారు. హాలు మూసేయమని సర్కారు చెప్పాక, వీధిలోకి రావద్దని జనానికి చెప్పాక, మిగిలిన ఒక్క గుమ్మం దగ్గర టోల్ గేటు పెట్టుకుని కూర్చుంటే అది ఫ్రీ మార్కెట్ ఎలా అవుతుంది? మనం మాటకి ముందు ఉదాహరణ చెప్పే అమెరికాలోనే శాన్‌ఫ్రాన్సిస్కో 2020 ఏప్రిల్‌లో డెలివరీ యాప్‌ల కమీషన్ 15 శాతం దాటకూడదని కట్టడి చేసింది. అదే ఏడాది న్యూయార్క్ నగరం కూడా డెలివరీకి 15 శాతం, మిగతా సేవలకి 5 శాతం అని పరిమితి పెట్టింది. తర్వాత కంపెనీలు కోర్టుకెళ్ళాయి, ఆ నిబంధనలు సడలాయి, అది వేరే కథ. కనీసం గొంతు మీద కత్తి ఉన్నప్పుడు బేరం చెల్లదని వాళ్ళు ఒప్పుకున్నారు.

మన దగ్గర? వీధి వ్యాపారులకి 2020 జూన్‌లో పీఎం స్వనిధి వచ్చింది, 10 వేల అప్పు. బాబాయ్‌కి షట్టరుంది కాబట్టి ఆయన వీధి వ్యాపారి కాదు. కొంచెం పెద్ద వ్యాపారాలకి 2020 మేలో అత్యవసర రుణ గ్యారంటీ పథకం వచ్చింది, అప్పటికే ఉన్న బ్యాంకు అప్పులో 20 శాతం అదనంగా ఇస్తామని. బాబాయ్ అప్పంతా చీటీల్లోనూ వడ్డీవ్యాపారి దగ్గరా ఉంది. ఎటు చూసినా ఆయన రెండు కాలమ్‌ల మధ్య పడిపోయిన రికార్డు.

ఇదంతా చదివి "వీడు టెక్నాలజీకి వ్యతిరేకం" అనుకోకండి. నా అన్నం అందులోంచే వస్తోంది. అదే టైములో అదే బాబాయ్ కౌంటర్ మీద యూపీఐ క్యూఆర్ కోడ్ అతికించాడు. ముట్టుకునే పని లేదు, చిల్లర గొడవ లేదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్ చార్జీ వసూలు చేయకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. 40 రూపాయల ఇడ్లీకి 40 రూపాయలూ ఆయన ఖాతాలో పడేవి. ఆ స్టిక్కర్ వాడటానికి నా సాయం అడగలేదు, ఏ కాలమ్ గురించీ ఫోన్ చేయలేదు. రెండూ సాఫ్ట్‌వేరే. రెండిట్లోనూ మనలాంటివాళ్ళు రాసిన కోడే ఉంది. ఒకటి ఆయన వ్యాపారాన్ని ఆయన చేతిలోనే ఉంచింది, ఇంకోటి ఆయన్ని తన సొంత హోటల్లో వంటవాణ్ణి చేసింది. కాబట్టి ప్రశ్న వాళ్ళు అడాప్ట్ అయ్యారా లేదా అని కాదు. వాళ్ళని దేనికి అడాప్ట్ అవ్వమన్నాం అని.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. డెలివరీ వల్ల బతికిన హోటళ్ళున్నాయి. ఇంట్లో కోవిడ్‌తో మంచాన పడ్డవాళ్ళకి తిండి తెచ్చిచ్చిన కుర్రాళ్ళున్నారు, ప్రాణాలకి తెగించి. వాళ్ళకి దణ్ణం పెట్టాలి. బాబాయ్ హోటల్ ఒక్క యాప్ వల్లే మూతపడిందని కూడా నేననను. ఆఫీసులు ఖాళీ, అద్దె, వడ్డీ, రెండో లాక్‌డౌన్.. అన్నీ కలిసి కొట్టాయి. 2021 జూన్‌లో షట్టర్ దించేసి ఒంగోలు దగ్గర వాళ్ళ ఊరెళ్ళిపోయారు. వెళ్ళేముందు నాకు ఫోన్ చేసి అడిగింది ఒకటే. "ఆ యాప్‌లోంచి మా పేరు తీసెయ్ బాబూ, మూసేశాక ఎవరైనా ఆర్డర్ పెడితే బాగోదు." తీయడానికి నాకు మూడు రోజులు పట్టింది. చేర్చడానికి ఒక్క పూటే పట్టింది.

అందుకే మావాడి మాటకి ఒళ్ళు మండింది. పోయినవాళ్ళకి పాఠాలు చెప్పడం తేలిక. మనం చేయగలిగింది పెద్ద కష్టమేం కాదు. మీ వీధి చివర హోటలు నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి. ఫోన్ చేసి చెప్పి, పది నిమిషాలు నడిచెళ్ళి తెచ్చుకోండి, స్టెప్ కౌంట్ కూడా పెరుగుతుంది. చాయ్‌కి ఫ్లాస్కు పట్టుకెళ్ళండి. కూపన్‌లో మిగిలే 30 రూపాయలు ఎవరి జేబులోంచి వస్తున్నాయో ఒక్కసారి ఆలోచించండి. ఇక ఇలాంటి యాప్‌లు రాసే మిత్రులకి ఒక్క విన్నపం: ఆ స్టేట్‌మెంటు కనీసం తెలుగులో, ఒక టిఫిన్ సెంటర్ ఓనరు చదివి అర్థం చేసుకునేలా ఇవ్వండి. అది చేయలేని టీముకి ఎవర్నీ 'అడాప్ట్ అవ్వలేదు' అనే హక్కు లేదు.

వచ్చే శనివారం మళ్ళీ కలుస్తున్నాం. ఈసారి చోటు నేను చెప్పా. కొండాపూర్‌లో ఒక చిన్న టిఫిన్ సెంటర్, నాలుగే బల్లలు. మావాడికి లింకు ఇదే పంపిస్తున్నా. చదివొచ్చి వాదిస్తే సరే, లేకపోతే బిల్లు వాడిదే.