పాత సైకిలు తుక్కు కాదు

ఈ విద్యా సంవత్సరం మొదట్లో మన కళాశాల నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన వెలసింది. సైకిల్ స్టాండు వెనుక చాలాకాలంగా పడివున్న పాత సైకిళ్ళను తుక్కు కింద తూకానికి అమ్మివేయ నిశ్చయించామనీ, ఆ స్థలాన్ని మోటారు వాహనాలు నిలుపుకొనడానికి వినియోగించదలచామనీ దాని సారాంశం. సొంతదారులుంటే నెల రోజుల లోపల వచ్చి తీసుకొనిపోవచ్చునని కూడా అందులో ఉన్నది. నెల గడిచింది; ఎవ్వరూ రాలేదు. రావలసినవారు ఎప్పుడో పట్టాలు పుచ్చుకొని, ఉద్యోగాల నిమిత్తం ఊళ్ళు విడిచి వెళ్ళినవారే. అమ్మకం మాత్రం ఇంకా జరుగలేదు. జరుగకముందే మా మనవి ఒకటి కమిటీ పెద్దల సముఖానికీ, తోటి విద్యార్థుల దృష్టికీ తేవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ప్రకటన చదివిన తరువాత ఒక సెలవునాడు మేము నలుగురము, కార్యాలయపు అనుమతితో, ఆ పదునాలుగు సైకిళ్ళనూ ఒక్కొక్కటిగా బయటికి లాగి దుమ్ము దులిపి పరీక్షించాము. టైర్లు ఎండి పగిలిపోయినాయి. సీట్ల తోలు ఎలుకల పాలైంది. చైన్లు తుప్పుపట్టి కట్టెల వలె బిగుసుకొనిపోయినాయి. అయినను పన్నెండు చట్రాలలో ఒక్క అతుకు కూడ వీడలేదు. ఒక సైకిలుకు ముందు చక్రం వంకర. ఇంకొకదానికి అదే చక్రం నిక్షేపంగా ఉన్నది. ఒకదానికి క్యారియరు లేదు; పక్కదానికి బియ్యపు మూటను మోయగల క్యారియరున్నది. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ నడిచేది కాదు. అన్నిటినీ కలిపి చూస్తే కనీసం ఆరు సైకిళ్ళు ఆ కుప్పలో దాగివున్నాయి. మా వాదమంతా ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉన్నది.

ఒక సైకిలు భాగం మరొక సైకిలుకు ఎలా సరిపోతుందని కొందరు మిత్రులు ప్రశ్నించారు. అందులోనే ఈ వాహనపు గొప్పదనమున్నది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలును తయారుచేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరును కనిపెట్టాడు. ఆ పిమ్మట కొద్ది కాలానికే సైకిలు రూపం స్థిరపడింది. మన దేశంలో తరతరాలుగా తొక్కుతున్న రాడ్ బ్రేకుల సైకిలు ఆ వంశానిదే. దాని చక్రం 28 అంగుళాలు, టైరు వెడల్పు అంగుళంన్నర. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనుక చక్రానికి 40. చైను లంకెకూ లంకెకూ మధ్య అర అంగుళం. కంపెనీ ఏదైనను ఈ కొలతలు మారలేదు. 1951లో సోనీపత్‌లో స్థాపితమైన అట్లాస్ సంస్థ 2020 జూన్ 3న, సరిగా ప్రపంచ సైకిల్ దినం నాడే, సాహిబాబాద్‌లోని తన కర్మాగారాన్ని మూసివేసింది. కాని ఆ సంస్థ చేసిన సైకిళ్ళు ఆనాటితో ఆగిపోలేదు. లూధియానాలో తయారైన చైను, మరెక్కడనో తయారైన టైరు వాటికి నేటికీ సరిపోతున్నాయి. తయారీదారు మూతబడినా వస్తువు బ్రతికివుండే ఇట్టి సౌలభ్యం నేడు మన చేతులలోని ఎన్ని యంత్రాలకున్నది?

రెండవ గొప్పదనం ఉక్కుది. తేలికపాటి అల్యూమినియం చట్రం పగిలితే దానిని అతికి పూర్వపు బలానికి తేవడానికి ప్రత్యేకమైన పనితనమూ, సాధనాలూ కావాలి. ఉక్కు చట్రం అట్లు కాదు. అది సాధారణంగా విరగడానికి ముందు వంగుతుంది, కిర్రుమంటుంది, రంగు పగిలి గీత చూపుతుంది. చూచే కన్నున్నవానికి ముందుగానే హెచ్చరిక ఇస్తుంది. విడిన అతుకును ఊరిలోని గ్యాసు వెల్డింగు పనివాడు ఇత్తడితో అతుకగలడు. ఇరవై కిలోల పైచిలుకు బరువు దాని లోపమే, కాదనము. కాని ఆ బరువే మరొక ఇరవై కిలోల పుస్తకాలనూ, ఒక తమ్ముణ్ణీ మోయగల శక్తి కూడ అయింది.

ఇది లేనివారి అగత్యమే తప్ప అభిరుచి కాదనుకొనేవారు కూడ ఉన్నారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు వాల్‌నట్ క్రీక్‌లో గ్రాంట్ పీటర్సన్ 1994లో రివెండెల్ అనే సంస్థను స్థాపించాడు. పందెపు సైకిళ్ళ మోజును కాదని, సామాను మోసే, నిత్యం వాడుకొనే ఉక్కు సైకిళ్ళనే చేయించాడు. మసాచుసెట్స్‌లో షెల్డన్ బ్రౌన్ (1944-2008) అనే మెకానిక్ పాత ఇంగ్లీషు సైకిళ్ళ మరమ్మతు విద్యను ఏ ప్రతిఫలమూ ఆశించక లోకానికి పంచిపెట్టాడు. సంపన్న దేశంలో కొందరు కోరి పట్టుకొన్న వస్తువును మనము వారసత్వంగా పొంది తూకానికి అమ్ముకొంటున్నాము.

మాటలతో ఆగక మేము ఒక ప్రయత్నం చేశాము. మాలో ఒక మిత్రుడు నగర శివారు నుండి ప్రతిదినం తొమ్మిది కిలోమీటర్లు ప్రయాణం చేసి వస్తాడు. రెండు బస్సులు మారాలి. రెండవ బస్సు తప్పితే మొదటి పీరియడు తప్పుతుంది. హాజరు చాలక గత సంవత్సరం అతడు జరిమానా కట్టవలసి వచ్చింది. ఆ జరిమానా అతని తండ్రికి రెండు రోజుల కుట్టుకూలి. అతనికొక సైకిలు సిద్ధపరచాలని నిశ్చయించుకొని, కళాశాల ద్వారం ఎదుట ఎన్నో ఏండ్లుగా మరమ్మతు పని చేస్తున్న చాచాను ఆశ్రయించాము.

మేము చేసిన మొదటి పని తప్పు పని. వంగిన ఫోర్కునొకదానిని సుత్తితో కొట్టి సరిచేసి, గర్వంగా ఆయనకు చూపాము. ఆయన దానిని వెలుతురుకు పట్టి చూచి, మెడ దగ్గర వెంట్రుకవాసి చీలికను మాకు చూపి, "బేటా, ఇది చక్రాన్ని మోస్తుందనుకొంటున్నారా? మీవాడి పళ్ళను మోసుకుపోతుంది" అని దూరంగా పారవేశారు. ఏది మరల వాడదగినదో, ఏది వాడరానిదో తెలియడమే ఈ విద్యలో మొదటి పాఠమని అప్పుడు బోధపడింది. రెండవ పాఠం చైనుది. అరిగిన ఫ్రీవీలుకు కొత్త చైను వేస్తే పళ్ళ మీద నిలువక జారిపోతుంది. "చైనూ ఫ్రీవీలూ ఆలుమగలు, కలిసి అరుగుతాయి" అన్నారాయన.

మా మిత్రుని త్రోవలో పెద్ద ఎత్తు ఒకటున్నది. సైకిలుకున్నవి ముందు 44 పళ్ళు, వెనుక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు అయిదున్నర మీటర్లు సాగుతుంది. ఎత్తు మీద అది భారం. చాచా దగ్గర 20 పళ్ళ ఫ్రీవీలు ఒకటి, కొంత వాడినది, ఉన్నది. మా కుప్పలోని పనిచేసే డైనమో ఒకటి ఆయనకిచ్చి దానిని తీసుకొన్నాము. ఇప్పుడు ఒక చుట్టుకు సాగేది అయిదు మీటర్లకు కాస్త తక్కువ. కాలి మీద బరువు నూటికి పది పాళ్ళు తగ్గింది. పెడలు తొక్కినప్పుడల్లా టకటకమన్న కాటర్ పిన్నును మార్చాము. బలమైన క్యారియరు, జోడు కాళ్ళ స్టాండు, బ్యాటరీ దీపం, వెనుక ఎర్ర అద్దం అమర్చాము. వానలో తడిసిన ఉక్కు రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పట్టుతుంది గనుక, కొత్త రబ్బర్లు వేయడమే గాక, నాలుగు బారల ముందుగానే బ్రేకు పట్టే అలవాటు అతనికి చేయించాము. కొత్తగా కొన్నవి టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, కాటర్ పిన్ను, బేరింగు గోళీలు, గ్రీజు మాత్రమే. మొత్తం ఖర్చు కొత్త సైకిలు వెలలో నాలుగవ వంతు కూడ కాలేదు. ఆ దినం నుండి నేటి వరకు ఆ మిత్రునికి మొదటి పీరియడు తప్పలేదు.

ఈ పనిలో మాకు లభించిన మరొక లాభం చెప్పక తప్పదు. మన కళాశాలలో తెలుగు విభాగపు విద్యార్థులు ఒక చెట్టు కింద, ఉర్దూ విభాగపు విద్యార్థులు ఒక చెట్టు కింద కూర్చొనడం అందరమూ ఎరిగినదే. మా నలుగురిలో ఇద్దరు ఆ చెట్టు వారు, ఇద్దరు ఈ చెట్టు వారు. సైకిలు దగ్గర రెండు భాషలు అక్కరలేకపోయినాయి. పానా, మరమ్మతు, దుకాణం, ఉస్తాదు అనే మాటలు మనవా, వారివా అని ఎవరికీ తోచలేదు. గురువారం నాడు పురానాపూల్ దగ్గర సాగే పాత సామాన్ల జుమేరాత్ బజారులో క్యారియరు కొరకు రెండు గంటలు తిరిగినప్పుడు, బేరం ఆడినవారు ఒకరు, బరువు మోసినవారు ఒకరు. ఉపన్యాసాలతో సాధించలేని సామరస్యం గ్రీజు అంటిన చేతులతో కొంత సాధ్యమైనదని మా అనుభవం.

ఇక ఆక్షేపణలను పరిశీలిద్దాము. పాత భాగాల మార్పిడికి అవకాశమిస్తే దొంగతనాలు పెరుగుతాయని కొందరి భయం. ఇది నిరాధారం కాదు. మాలో ఒకరి సీటూ, గాలి పంపూ ఈ స్టాండులోనే పోయినవి. అయితే దొంగసొత్తు చీకటిలో చేతులు మారుతుంది. ఒక పుస్తకంలో, ఇచ్చినవారి పేరూ, పుచ్చుకొన్నవారి పేరూ, ఏ సైకిలు నుండి తీసినదో దాని చట్రం మీద చెక్కిన అంకె వ్రాసి, ఒక అధ్యాపకుని సంతకంతో సాగే మార్పిడిలో దొంగకు చోటులేదు. అట్లే ఫోర్కు, హ్యాండిలు, అరిగిన బ్రేకు రబ్బర్లు వంటి ప్రాణాపాయకరమైనవాటిని మార్పిడిలో చేర్చరాదు. లాభానికి అమ్మకం అసలే కూడదు.

సైకిలు తొక్కడం హోదాకు తక్కువ అనే మాట కూడ విన్నాము. 2011 జనాభా లెక్కలలో మన దేశపు కుటుంబాలలో నూటికి దాదాపు 45 ఇండ్లలో సైకిలున్నది. సగానికి సమీపమైన ఇండ్ల వాహనాన్ని చిన్నచూపు చూచే హోదా ఎవరి హోదా? రోడ్లు ప్రమాదకరమనే ఆక్షేపణ మాత్రం న్యాయమైనది. 2023లో మన నగరపు బాహ్య వలయ రహదారి పక్కన సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ఏర్పడింది. సంతోషమే. కాని అది మా మిత్రుడు వచ్చే త్రోవలో లేదు. చదువుకూ, పనికీ పోయేవారి వీధులలో ఒక గజం చోటు కేటాయించమని అడిగే హక్కు, ఆ వీధులలో సైకిళ్ళు కనబడినప్పుడే బలపడుతుంది.

సోదరీమణుల విషయం ప్రత్యేకంగా ప్రస్తావించాలి. 1990 దశకపు తొలినాళ్ళలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. బీహారులో 2006 నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళ పథకం అమలైన పిదప, హైస్కూలు చదువుకు చేరే బాలికల సంఖ్య గణనీయంగా పెరిగినదని ఆర్థికవేత్తల అధ్యయనం తేల్చింది. మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది గొప్ప మేలు. కాని బస్సు స్టాపు నుండి ఇంటి వరకు ఉన్న ఒకటి రెండు కిలోమీటర్ల త్రోవ బస్సు తీర్చేది కాదు. ఆ కుప్పలో మధ్య కడ్డీ లేని సైకిళ్ళు మూడున్నాయి. వాటిని ముందుగా విద్యార్థినులకే సిద్ధపరచాలని మా కోరిక.

కమిటీ పెద్దలను మేము కోరేది స్వల్పం. తుక్కు అమ్మకం ఆపండి. స్టాండు వెనుక రేకుల కింద పది అడుగుల చోటు విడువండి. ఒక పానాల పెట్టె, ఒక గాలి పంపు, టైర్లు ఊడదీసే కడ్డీలు, ఒక బీరువా, ఒక రిజిస్టరు ఇప్పించండి. వారానికి రెండు గంటలు చాచాకు తగిన ప్రతిఫలమిచ్చి మాకు గురువుగా నియమించండి. ఆయన విద్య ఆయనతోనే అంతరించిపోరాదు. ఒక సంవత్సరం చూడండి. ఆ పదునాలుగింటిలో ఆరు సైకిళ్ళు రోడ్డెక్కకపోతే, మిగిలిన ఇనుమును మేమే మోసుకొనిపోయి తూచి, వచ్చిన సొమ్ము కార్యాలయంలో జమకడతాము.

విద్యార్థి మిత్రులారా! మీ ఇండ్లలో, మెట్ల కింద, పెరటి గోడ వెంబడి, తండ్రిగారిదో తాతగారిదో ఒక సైకిలు ఉండేవుంటుంది. దానిని అమ్మివేయకముందు ఒకసారి బయటికి తీసి చట్రాన్ని తట్టి చూడండి. మీకు పనికిరాని దాని చక్రం మరొకరికి పనికిరావచ్చును. మరొకరికి అక్కరలేని చైను మీ సైకిలును నడిపించవచ్చును. మా మిత్రుని సైకిలు ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ద్వారం దగ్గర నిలుస్తుంది. చూడదలచినవారు వచ్చి చూడవచ్చును. తొక్కదలచినవారు అడిగి తొక్కవచ్చును.