తేయాకు లేని తేనీరు

మన టౌన్‌షిప్ మహిళా సమాజం వారి కోరికపై, పెరటి మూలికలతో తేనీరు తయారుచేసే విధానాన్ని నేర్పేందుకు సమీప గ్రామానికి వెళ్లాము. తులసి, నిమ్మగడ్డి, పుదీనా, అల్లం ఎవరికి తెలియనివి? ఇందులో నేర్పవలసిందేమున్నదని మేమూ అనుకున్నాము. మొదటి విడతలోనే మా అంచనా తలకిందులైంది. మండుటెండలో ఆరబోసిన ఆకు రంగు వెలిసి, వాసన కోల్పోయింది. పూర్తిగా ఆరకుండా సీసాకెత్తిన ఆకు వారం తిరగకముందే బూజు పట్టింది.

కారణం సులభగ్రాహ్యమే. నిమ్మగడ్డి పరిమళానికి మూలమైన సిట్రాల్, వేడికి ఎగిరిపోయే తైలంలో ఉంటుంది. కనుక ఆకును కడిగి, నీరు ఓడ్చి, గాలి ఆడే నీడలో పలుచగా పరచాలి. చేత నలిపితే పొడిపొడి అయినప్పుడే గట్టి మూత గల సీసాలో భద్రపరచాలి. త్రాగేవేళ ఆ ఆకును మరిగిన నీటిలో వేసి, మూతపెట్టి, అయిదు నిమిషాలు ఉంచితే చాలు. అల్లాన్ని మాత్రం దంచి, నీటితోపాటు మరిగించాలి.

పాళ్లు తెలియగోరిన వారికి ఆయుష్ మంత్రిత్వశాఖ 2020లో సూచించిన క్వాథాన్ని చెప్పాము: తులసి 4 భాగాలు, దాల్చినచెక్క 2, శొంఠి 2, మిరియాలు 1. ఈ పొడి 3 గ్రాములకు మరిగించిన నీరు 150 మిల్లీలీటర్లు.

రెండవ విడతలో ఒక పెద్దావిడ తిప్పతీగ తెచ్చి, "రోజూ ఇది కాచుకుని తాగితే షుగరు మాత్రలు మానెయ్యొచ్చాండీ?" అని అడిగారు. అందరూ మా వైపే చూశారు. ఎట్టి పరిస్థితిలోనూ మానరాదని, డాక్టరుగారితో చెప్పకుండా ఏ కషాయమూ మొదలుపెట్టరాదని స్పష్టంగా చెప్పాము. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు వెల్లడించారు. దానిని పోలిన మరొక తీగతో పొరబడే ప్రమాదమున్నదని ఆయుష్ మంత్రిత్వశాఖ తెలిపింది. అందుచేత ఆ తీగను మా పాఠంలో చేర్చలేదు.

మొక్కను నిస్సందేహంగా గుర్తుపట్టడం, చక్కగా ఆరబెట్టడం, తేనీరు ఔషధానికి బదులు కాదని గ్రహించడం, ఈ మూడూ కలిస్తేనే పాఠం పూర్తవుతుంది. మూడవదానిని దాటవేసి మొదటి రెండూ నేర్పితే మేలుకంటె కీడే ఎక్కువ.

ఆ పెద్దావిడ మాత్రలు మానలేదు. చివరి విడతనాడు మా వద్దనుండి నిమ్మగడ్డి పిలక ఒకటి అడిగి తీసుకువెళ్లారు. ఇప్పుడది ఆమె పెరట్లో, బావిగట్టు ప్రక్కన దుబ్బు కట్టింది.